తండ్రి పేరు అన్న గడి

"తాత తండ్రెట్లయితడే? జర నాకు సమజయ్యేటట్టు చెప్పు."

రుద్రమ్మ ఈ మాట అడగడం అయిదోసారి. ఆవిడకి చదువు రాదు. అయినా ఆ కాగితాన్ని వదలడం లేదు. కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూస్తుంది, మడుస్తుంది, మళ్లీ విప్పుతుంది.

కాగితంలో ఉన్నవి నాలుగు ముక్కలు. బిడ్డ పేరు రాగసుధ. ఆడపిల్ల. తల్లి పేరు భానుశ్రీ. తండ్రి పేరు రాఘవయ్య.

రాఘవయ్య భానుశ్రీని కన్న తండ్రి.

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ జనన ధ్రువపత్రం ప్రింటు తీయించింది భానుశ్రీ. చదవకుండానే బ్యాగులో పెట్టుకుని ఇంటికొచ్చింది. సొంత కూతురి సర్టిఫికెట్లో చదవడానికేముంటుంది? పొద్దున్న ఎల్‌కేజీ అప్లికేషన్ నింపుతూ ప్రవీణ్ చూశాడు. చూసి, పెన్ను టేబుల్ మీద పెట్టి, కాగితం భార్య ముందుకు జరిపాడు. అంతే. అప్పటినుంచి ఒక్క మాట మాట్లాడలేదు.

సరిగ్గా అప్పుడే బోరబండ నుంచి అత్తమామలు దిగారు. మనవరాలిని బళ్లో వేస్తున్నారని పాలకోవా పట్టుకుని మరీ వచ్చారు. ఆ పొట్లం ఇంకా విప్పలేదు.

"మున్సిపల్ ఆఫీసు వాళ్ల తప్పు అత్తయ్యా. కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు పొరపాటు పడుంటారు" అంది భానుశ్రీ.

"ఆఫీసోళ్లకు మీ నాయన పేరెట్ల తెలుసే?"

ఇంట్లో ఇద్దరు ఇంజనీర్లున్నారు. ఆ ప్రశ్న ఇద్దరికీ తట్టలేదు.

"ఏ, ఊకోయే" అన్నాడు రుద్రమ్మ భర్త హనుమాండ్లు గుమ్మంలోంచి. నలభై ఏళ్లు తాపీపని చేసిన మనిషి, మాట తక్కువ. మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పులు తొడుగుతున్నాడు. "పోరి ముక్కు సూడు. మా అవ్వ ముక్కు గాదా? కాయితం ఏం జేస్తది?"

"కాయితమే జేస్తది" అంది రుద్రమ్మ. "రేపు బడిల ఏమని రాస్తరు? రాఘవయ్య బిడ్డ అని రాస్తరు. మరి నా కొడుకెవడు? గీ ఇంట్ల కిరాయికున్నోడా?"

ప్రవీణ్ లేచి బైకు తాళాలు తీసుకున్నాడు.

రుద్రమ్మ అరుపులకి భానుశ్రీ ఎప్పుడూ భయపడలేదు. అరిచి అరిచి చివరికి టీ పెట్టమనే మనిషి ఆవిడ. భయమంతా ప్రవీణ్ మౌనం గురించే. వాళ్లిద్దరి మధ్యా ఎత్తకూడని విషయం ఒకటుంది. సుధ పుట్టినప్పటి పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ ప్రవీణ్ బిడ్డను చూడటానికి రాలేదు. పురుడు రోజున తల్లిని వెంటబెట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడితే, "ఇప్పుడు గుర్తొచ్చామా?" అంది భానుశ్రీ. అతను జవాబు చెప్పలేదు. ఆమె మళ్లీ అడగలేదు. మూడున్నరేళ్లుగా కాపురం బాగానే సాగుతోంది. ఆ ఒక్క మాట మాత్రం ఇంట్లో ఎవరూ వాడని గదిలా తాళం వేసుంది.

"పోదాం పా" అన్నాడు ప్రవీణ్. "సోమవారం లోపల పేరు మార్పిస్తున్నమని రసీదన్న చూపియ్యాలె. లేకుంటే సీటు పోతది."

అమీర్‌పేట సందుల్లో పది గంటలకే జనం తోసుకుంటున్నారు. జావా, ఒరాకిల్, టెస్టింగ్ అని ఒకదాని మీద ఒకటి బోర్డులు. ప్రవీణ్ పాఠం చెప్పే ఇన్‌స్టిట్యూట్ కిందే భార్గవ్ ఇంటర్నెట్ సెంటర్. రెజ్యూమెలు, జెరాక్సులు, టికెట్లు, ఏ ఆన్‌లైన్ ఫారమైనా అతనే నింపిపెడతాడు.

"ఏంటి ప్రవీణ్ సార్, పొద్దున్నే?" అంటూ కుర్చీ ఖాళీ చేశాడు భార్గవ్. ఒకప్పుడు ప్రవీణ్ బ్యాచ్‌లోనే కూర్చున్నవాడు. కాగితం చూశాడు. ఏమాత్రం కంగారు పడలేదు.

"మేడం, తొలి కాన్పు పుట్టింట్లోనే కదా?"

"అవును."

"అదీ సంగతి. ఫారం పుట్టింటివాళ్లు నింపుతారు. తండ్రి పేరు అని ఉంటే పేషెంటు తండ్రి పేరేమో అనుకుంటారు. వారానికి రెండు వస్తాయి సార్ ఇలాంటివి. మొన్న ఒకాయన వచ్చారు, ముగ్గురు మనవలకీ ఆయనే తండ్రి!"

ప్రవీణ్ నవ్వాడు. పొద్దుట్నుంచి అతని మొహంలో నవ్వన్నది చూడటం అదే మొదలు. భానుశ్రీకి ప్రాణం లేచొచ్చింది. తనూ నవ్వింది. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

ఆ నవ్వులోనే ఒక చిన్న అనుమానం అడ్డం తగిలింది. నాన్న అలా పొరబడే మనిషేనా?

రాఘవయ్య ముప్ఫై ఒక్క ఏళ్లు సోమాజిగూడలో ఒక దినపత్రికలో ప్రూఫ్‌రీడరు. ఇంటికొచ్చిన పెళ్లిపత్రికలో కూడా అచ్చుతప్పు దిద్దకుండా ముహూర్తం చూడడు. అలాంటి మనిషి ఒక గడిలో ఏం రాయమన్నారో తెలుసుకోకుండా రాస్తాడా? ఏమో, కూతురు లోపల నొప్పులు పడుతుంటే ఎవరికైనా కంగారే, అనుకుంది. అనుమానాన్ని అవతలికి నెట్టేసింది.

భార్గవ్ చకచకా ఫారం తెరిచాడు. తండ్రి పేరు సవరణ. ప్రస్తుతం ఉన్న పేరు, ఉండవలసిన పేరు, పెళ్లి సర్టిఫికెట్ నంబరు. ప్రతి గడి పక్కనా ఎర్ర నక్షత్రం, నింపకపోతే ముందుకు పోనివ్వదు. "ఇది అఫిడవిట్" అని స్టాంపు పేపరు మీద ఒక పేజీ ప్రింటు తీసి ఇచ్చాడు. "మూడు సంతకాలు కావాలి. అసలు తండ్రి, తల్లి, ఇప్పుడు రికార్డులో తండ్రిగా ఉన్న మనిషి. నోటరీ చేయించి స్కాన్ పంపితే వెంటనే రసీదు వస్తుంది."

"ఈ ఖాళీ ఏంటి?" అడిగింది భానుశ్రీ.

"తప్పు ఎలా జరిగిందో కారణం రాయాలి మేడం. ఆసుపత్రిలో మీరిచ్చిన అసలు ఫారం కాపీ కూడా జతచేస్తాం కదా, దానికీ దీనికీ తేడా రాకూడదు. కాపీ చూశాక చేత్తో రాసేయండి. అందరూ పొరపాటున అనే రాస్తారు."

బయటికొచ్చి ప్రవీణ్ తల్లికి ఫోన్ చేశాడు. "ఏం లేదమ్మా, మామయ్య తప్పు గడిల పేరు రాసిండంట. ఫికర్ జెయ్యకు." అవతల నుంచి రుద్రమ్మ నవ్వు పక్కనున్న భానుశ్రీకీ వినిపించింది. పాలకోవా పొట్లం ఇప్పుడు విప్పుతారు.

ఆసుపత్రి రికార్డు గది సెల్లారులో, జనరేటరు పక్కన ఉంది. అక్కడ సీతాబాయి అనే పెద్దావిడ అద్దాలు ముక్కు చివరికి జార్చి సంవత్సరం, నెల, పేషెంటు పేరు అడిగింది. నిచ్చెనెక్కి ఒక కట్ట దించింది.

"మా కాడ తప్పు ఉండదమ్మా. మీరు రాసిచ్చిందే మేం పైకి పంపుతం" అంటూ పేజీలు తిప్పి, ఒకచోట ఆగి, జెరాక్సు తీసి ఇచ్చింది.

భానుశ్రీ ముందు చూసింది.

తండ్రి పేరు అన్న గడిలో రెండు పేర్లున్నాయి.

కింద "కె. ప్రవీణ్" అని ఉంది. దాని మీదుగా అడ్డంగా ఒక గీత. గీత అక్కడితో ఆగలేదు. గడి దాటి మార్జిన్‌లోకి వెళ్లి చివర ఒక మెలిక తిరిగింది. కొట్టేసిన పేరుకి పైన ముత్యాల్లాంటి అక్షరాలతో "రాఘవయ్య" అని రాసుంది. పక్కన పొట్టి సంతకం.

ఆ మెలిక చూస్తూ పెరిగింది భానుశ్రీ. తన స్కూలు వ్యాసాల మీద, అమ్మ చీటీల మీద, ఇంటికొచ్చే ప్రతి కరపత్రం మీద చూసింది. అచ్చాఫీసు వాళ్ల గుర్తు అది. ఆ మాట పూర్తిగా తీసెయ్యమని అర్థం.

పొరపాటు పడ్డవాడు తన పేరు రాసి ఊరుకుంటాడు. ఇంకొకరి పేరు తీసెయ్యడు.

కానీ అసలు దెబ్బ అది కాదు. ఆ కింది రాత. అక్షరాలన్నీ కుడివైపు పైకి ఎక్కుతున్నాయి. బోర్డు మీద రాసి రాసి అలవాటైన చెయ్యి అది. వయసు ఇరవై తొమ్మిది, చదువు బీటెక్, వృత్తి జావా ఫ్యాకల్టీ, అన్నీ ఆ రాతే. వాటిని ఎవరూ కొట్టెయ్యలేదు. ఆ కాగితం ప్రకారం రాఘవయ్యకి ఇరవై తొమ్మిదేళ్లు, అమీర్‌పేటలో జావా చెబుతాడు.

ఇంకెప్పుడైనా అయితే పడీ పడీ నవ్వేది.

"ప్రవీణ్, ఇది నీ రాత."

అతను కాగితం అందుకోలేదు. దూరం నుంచే చూశాడు.

"నా పేరు కొట్టేసిండ్రా?" అన్నాడు.

"నువ్వు ఆ రోజు ఇక్కడికి వచ్చావా?"

"వచ్చిన."

"ఎప్పుడు?"

"నువ్వు లోపలున్నవు. మీ అమ్మ ఫోన్ చేసింది, ఉరుకొచ్చిన. కౌంటర్ల బిడ్డ తండ్రి ఎవరంటే నేనే అన్న. ఫారం ఇచ్చిండ్రు, నింపిన. మీ నాన్న పక్కన్నే ఉండె. నేను చూసుకుంటా ఇటివ్వండి అని తీసుకున్నడు."

"మరి పైకెందుకు రాలేదు?"

ప్రవీణ్ ఆమె మొహంలోకి చూశాడు. ఏదో వెతుకుతున్నట్టు చాలాసేపు చూశాడు.

"రావద్దన్నవు గద."

"నేనా?"

"భాను మీ మొహం చూడనంటోంది, బీపీ పెరిగింది, పైకి రాకండి అన్నడు మీ నాన్న. తెల్లారి మళ్ల వచ్చిన. అదే మాట. మూడో దినం సుత వచ్చిన. ఇగ నాకు సిగ్గనిపించింది భాను. పోవుడు బంద్ చేసిన."

భానుశ్రీ గోడకి ఆనుకుంది. మూడున్నరేళ్లు. పక్కపక్కన పడుకుని, ఒకే పళ్లెంలో తిని, ఒక బిడ్డని చెరో చెయ్యి పట్టుకుని నడిపించి, ఒక్క మాట అడగలేదు. రాలేదని తను, రావద్దందని అతను. ఇద్దరూ పౌరుషవంతులే!

"సంతకం పెట్టున్రి, కాపీ ముట్టినట్టు" అంది సీతాబాయి.

పంజగుట్టలో పుట్టింటి మెట్లెక్కేటప్పటికి నాలుగున్నర దాటింది. మధ్యలో ఎక్కడ టీ తాగారో, ఎంతసేపు మాట్లాడకుండా కూర్చున్నారో భానుశ్రీకి సరిగ్గా గుర్తులేదు. కింది వాటాలో నోటరీ హనుమత్ప్రసాద్ గారు అయిదింటికి కోర్టు నుంచి వస్తారు. ఆయన కోసమే ముందు అక్కడికి రావాలనుకున్నారు. ఇప్పుడు వేరే పని పడింది.

రాఘవయ్య ముందుగదిలో పేపరు చదువుతున్నాడు. చేతిలో ఎర్ర పెన్ను ఉంది. రిటైరయినా ఆ అలవాటు పోలేదు.

"రా అమ్మా. రండి ప్రవీణ్ గారూ." అల్లుణ్ణి ఏనాడూ ఏకవచనంతో పిలవలేదాయన. అది మర్యాద మాత్రమే కాదని ఇంటిల్లిపాదికీ తెలుసు.

భానుశ్రీ కూర్చోలేదు. జెరాక్సు కాగితం ఆయన చదువుతున్న పేపరు మీద పెట్టింది.

"నాన్నా, ఈ గీత ఎవరిది?"

రాఘవయ్య కళ్లజోడు సర్దుకుని చదివాడు. మొదటి గడి నుంచి ఆఖరి గడి దాకా చదివాడు. లోపల్నుంచి కాఫీ తెస్తున్న కుసుమకుమారి ఆ కాగితం చూసి అక్కడే ఆగిపోయింది.

"నాదే" అన్నాడు రాఘవయ్య.

పొరపాటమ్మా అంటాడనీ, ఏదో ఒక కట్టుకథ చెబుతాడనీ ఎక్కడో ఆశ ఉండేది ఆమెకి. ఆ ఒక్క మాటతో అదీ పోయింది.

"నాదే అని ఎంత తేలిగ్గా చెప్పావు నాన్నా! నీ మనవరాలి తండ్రిని కాగితం మీంచి తీసేశావు. పైకి వస్తుంటే కింద ఆపేశావు. మూడు రోజులు వచ్చాడట. మూడు రోజులు! నీకు తెలిసి కూడా చెప్పలేదేంటమ్మా, నువ్వు?" తల్లి వైపు తిరిగింది. "ఫోన్ చేసింది నువ్వేనట. అతను రాలేదని నేను ఏడుస్తుంటే పక్కన కూర్చుని వీపు నిమిరావు. నోరెందుకు విప్పలేదు?"

కుసుమకుమారి చేతిలో కాఫీ గ్లాసులతోనే భర్త వైపు ఓసారి చూసింది.

"మీ నాన్న చెప్పొద్దన్నారు" అంది. "పచ్చి బాలింతవి, గొడవలెందుకని... తర్వాత మీరిద్దరూ మామూలుగా ఉన్నారు కదా. చెప్పుకునే ఉంటారులే అనుకున్నాను."

"మామూలుగా ఉన్నాం!" అంది భానుశ్రీ. నవ్వో ఏడుపో తెలియని శబ్దం ఒకటి వచ్చింది.

ప్రవీణ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు. అఫిడవిట్ ముందు పెట్టుకుని తండ్రి సంతకం అని ఉన్నచోట సంతకం చేశాడు.

"నాది అయిపోయింది. గా ఖాళీల పొరపాటున అని రాయి భాను. మామయ్య సంతకం పెడ్తడు, నువ్వు పెట్టు. పోరి బడికి పోవాలె. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం."

"అవునమ్మా. అల్లుడుగారు చెప్పినట్టు పొరపాటున అని రాసెయ్యి. హనుమత్ప్రసాద్ గారు వచ్చే వేళయింది" అంది కుసుమకుమారి ఆత్రంగా.

"రాయను."

"భాను..."

"పొరపాటు కాదిది. నీకు తెలుసు, నాకు తెలుసు, ఆయనకి తెలుసు. ఇంకో అబద్ధంతో నా కూతురికి తండ్రిని సంపాదించను. నిజమే రాయాలి. అదీ ఆయన చేత్తోనే రాయాలి." అఫిడవిట్ తీసి తండ్రి ముందు పెట్టింది. "రాయి నాన్నా. ఈ తప్పు ఎలా జరిగిందో నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాయి."

"నిజం రాస్తే ఆఫీసులో అభ్యంతరం పెట్టచ్చు. నా మీద కేసు కూడా పెట్టచ్చు" అన్నాడు రాఘవయ్య. భయపడుతున్నట్టు లేదు. ఆ విషయం కూడా తెలియాలి కదా అన్నట్టు చెప్పాడు.

"పెట్టనీ."

"నీకు నిజమే కావాలా?"

"నిజమే కావాలి."

ఆయన ఎర్ర పెన్ను పక్కన పెట్టి నల్ల పెన్ను అడిగాడు. ప్రవీణ్ తన పెన్ను అందించాడు. రాఘవయ్య కాసేపు ఆలోచించి ఒక్క పంక్తి రాశాడు. అలవాటు ప్రకారం రెండుసార్లు చదువుకున్నాడు. కింద సంతకం చేసి కూతురికిచ్చాడు.

"బిడ్డ తల్లి కోరిక మేరకు తండ్రి పేరు తొలగించి నా పేరు రాశాను."

భానుశ్రీ ఆ పంక్తిని మళ్లీ మళ్లీ చదివింది.

"ఏంటిది?"

"కారణం."

"నా కోరికేంటి? నేనెప్పుడు కోరాను?" ఆమె అరిచింది. "అబద్ధం రాయమన్నానా నిన్ను?"

రాఘవయ్య తల తిప్పి భార్య వైపు చూశాడు. కుసుమకుమారి కాఫీ గ్లాసులు కింద పెట్టేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మా, చెప్పు. నేనలా అన్నానా?"

"నొప్పుల్లో ఉన్నావే" అంది కుసుమకుమారి. "నొప్పుల్లో ఎవరైనా ఏదైనా అంటారు. శ్రీమంతంనాడు ఇతను వాళ్ల అమ్మానాన్నల్ని తీసుకుని మధ్యలో వెళ్లిపోయాడని కోపం మీదున్నావు. రెండు నెలలు పలకరింపు లేదు. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే ఫోన్ చెయ్యనా అని నేనడిగాను. అప్పుడన్నావు."

"ఏమన్నాను?"

తల్లి చెప్పలేదు. తండ్రి చెప్పాడు. అచ్చులో ఉన్నది చదివినట్టు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు.

"ఆ మనిషి పేరు నా బిడ్డ పక్కన కనిపించకూడదు."

భానుశ్రీ కాదని అనబోయింది. మాట నాలుక మీదికి వచ్చింది కూడా. అంతలో స్ట్రెచర్ ఇనపకమ్మీ చల్లదనం అరచేతికి తగిలినట్టయింది. పైన ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోతున్న ట్యూబులైట్లు. పక్కన పరుగెత్తుతున్న అమ్మ. ఆ అమ్మ చేతిని విదిలించి కొట్టిన తన చెయ్యి.

అంది. ఆ మాట అంది. మర్నాడు పొద్దున్న బిడ్డ మొహం చూశాక దాన్ని మర్చిపోయింది. మర్చిపోయినందుకు ఇప్పుడు సిగ్గుతో కుంగిపోయింది.

"నేను అన్నానే అనుకో," అంది. "మర్నాడు అడగచ్చు కదా నాన్నా. నిజంగానే వద్దా అని ఒక్కసారి అడగచ్చు కదా!"

"అడగచ్చు" అన్నాడు రాఘవయ్య. "అడగలేదు. అడిగితే వద్దనవని తెలుసు. మీ పెళ్లి ఎన్నాళ్లో నిలవదనుకున్నాను. నువ్వు బిడ్డను తీసుకుని ఇంటికొచ్చేస్తావనుకున్నాను. నీ నోటివెంట ఆ మాట వచ్చింది, పట్టుకున్నాను. అది నా తప్పు. కావాలంటే అదీ రాస్తాను, ఇటివ్వు."

చెయ్యి చాచాడు. భానుశ్రీ ఇవ్వలేదు. ఆ మాత్రం నిజం చెప్పిన తండ్రిని ఏమనాలో ఆమెకి తోచలేదు. పొద్దుట్నుంచీ మోసుకొచ్చిన కోపమంతా చేతుల్లోంచి జారిపోతోంది. పట్టుకుందామన్నా దొరకడం లేదు.

ప్రవీణ్ కుర్చీ వెనక్కి జరిపాడు.

"భాను" అన్నాడు.

ఆమె చూడలేకపోయింది.

"ఆ మాట నీది గాదు, మీ నాన్నదని ఇయాల్నే తెలిసింది. నువ్వు రావద్దనలేదని తెలిసినంక, ఆసుపత్రి మెట్ల మీద ఏడుపొచ్చింది నాకు. సంతోషంతోని. మూడేండ్ల బరువు దిగింది అనుకున్న." ఆగాడు. "అన్నవా?"

లేదని చెప్పచ్చు. అమ్మ ఇప్పుడే దారి చూపించింది, నొప్పుల్లో ఎవరైనా ఏదైనా అంటారు. ఆ ఒక్క మాట పట్టుకుంటే చాలు. ప్రవీణ్ నమ్ముతాడు. నమ్మాలని అతని మొహం మీదే రాసుంది.

"అన్నాను" అంది భానుశ్రీ.

ప్రవీణ్ తల ఊపాడు. కోపం లేదు ఆ మొహంలో. కోపం ఉంటే బాగుండుననిపించింది.

అతను లేచి వచ్చి ఆమె చేతిలోని అఫిడవిట్ మెల్లగా తీసుకున్నాడు. మామగారు రాసిన పంక్తి చదివాడు. కాగితాన్ని టేబుల్ మీద పరిచాడు. తండ్రి సంతకం ఉంది. రికార్డులో తండ్రిగా ఉన్న మనిషి సంతకం ఉంది. మధ్యలో తల్లి సంతకం ఒక్కటే ఖాళీ.

కింద గేటు చప్పుడైంది. హనుమత్ప్రసాద్ గారి స్కూటరు లోపలికి వచ్చి ఆగింది.

"ఇది చింపెయ్యండి బాబూ" అంది కుసుమకుమారి ఏడుస్తూ. "ఇంకో కాగితం తెచ్చుకోండి. పొరపాటున అని రాసుకుందాం. రేపెప్పుడైనా పిల్ల చదివితే?"

ఎవరూ ఆమె వైపు చూడలేదు. పిల్ల చదువుతుంది. ఎప్పటికైనా ఏ పాస్‌పోర్టుకో, పెళ్లికో ఫైలు తీయించి చదువుతుంది. నాన్న పేరు అమ్మే వద్దందని, తాత చేతిరాతలో చదువుతుంది.

ప్రవీణ్ పెన్ను తీసి భానుశ్రీ చేతిలో పెట్టాడు.

"నిజమే రాయాలంటివి" అన్నాడు. "రాసిండు. పెట్టు సంతకం."